తిరుపతి నుంచి మహాబలిపురం: ముందు లైట్‌హౌస్, తర్వాతే రాళ్లు

తిరుపతి నుంచి పిల్లాపాపలతో మహాబలిపురం వెళ్లేవాళ్లలో చాలామంది కారు దిగీ దిగగానే సముద్రం వైపు పరుగు తీస్తారు. అప్పటికి ఎండ నడినెత్తి మీద ఉంటుంది. ఒడ్డున రాళ్లు పెనంలా కాలుతుంటాయి. పిల్లలు ఆకలి మీద ఉంటారు. నీళ్లు ఎక్కడ లోతో, ఎక్కడ లాగుతాయో ఎవరికీ తెలియదు. లైట్‌హౌస్ చివర్లో గుర్తొస్తుంది, వెళ్లేసరికి గేటు మూస్తుంటారు.

ఈ వరస తిప్పేయండి. శనివారం సాయంత్రం లైట్‌హౌస్ ఎక్కి, సముద్రం తీరుతెన్నులు పైనుంచి చూసుకోండి. చూసింది గుర్తు పెట్టుకుని ఆదివారం తెల్లవారగానే రాళ్ల దగ్గరికి వెళ్లండి. మిగతా ఏర్పాట్లన్నీ ఈ వరసను బట్టే చేసుకోవాలి.

ఏ వారం పెట్టుకోవాలి

సంక్రాంతి సందడి సద్దుమణిగాక, జనవరి చివరి నుంచి మార్చి సగం దాకా మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు ఈ తీరాన్నే పట్టుకుంటాయి. మహాబలిపురంలో ఆకాశం తేటగా ఉన్నా, ఎక్కడో నడిసముద్రంలో ఉన్న వాయుగుండం పెద్ద పెద్ద అలలను ఇక్కడి దాకా తోస్తుంది. అందుకే ఆ నెలల్లో వాన సూచన ఒక్కటే చూస్తే చాలదు, మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరిక కూడా చూడాలి. వాళ్లను వేటకు వెళ్లొద్దన్న రోజున మనం రాళ్ల దగ్గరికి వెళ్లకూడదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మహాబలిపురం ఊరంతా గ్రానైట్ గుండ్లే కాబట్టి మే నెలలో పసిపిల్లలతో, అవ్వాతాతలతో అటు వెళ్లకపోవడమే మేలు. చేపల కూర కోసం ఆశపడి వెళ్లేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో తాజా చేప తక్కువ, ధర ఎక్కువ.

తప్పించుకోవాల్సిన రోజు ఒకటుంది. మన ముక్కనుమ నాడు తమిళనాడులో కానుం పొంగల్. ఆ రోజు ఊళ్లకు ఊళ్లు బీచ్‌లకే కదులుతాయి. పిల్లవాడు చెయ్యి వదిలితే వెతకడం కష్టమయ్యేంత జనం ఉంటారు.

తేదీ అనుకున్నాక ఆటుపోట్ల సమయాలు చూడండి. చెన్నై హార్బరు వేళలు ఫోన్‌లోనే దొరుకుతాయి, మహాబలిపురానికి అవి సరిపోతాయి. ఈ తీరంలో నీటిమట్టం పెద్దగా మారదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో కూడా పోటుకూ (నీళ్లు బాగా ఎక్కినప్పుడు), పాటుకూ (బాగా తీసినప్పుడు) మధ్య తేడా మీటరు అటూ ఇటూగానే ఉంటుంది. కానీ రాళ్ల మధ్య ఆ మీటరే ముఖ్యం. పాటు వేళ పీతలు, నత్తలు కనిపించే గుంటలన్నీ పోటు వేళ మునిగిపోతాయి. పాటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి, ఆదివారం ఉదయం ఆరు, ఎనిమిది గంటల మధ్య పాటు పడే వారాన్ని ఎంచుకోండి. ఈ వారం కుదరకపోతే ఇంకో వారం ఆగండి, తొందరేమీ లేదు.

దారి

కారులో అయితే చెన్నై ఊళ్లోకి దూరొద్దు. పుత్తూరు, నగరి, తిరుత్తణి, అరక్కోణం, కాంచీపురం, చెంగల్పట్టు, తిరుక్కళుకుండ్రం మీదుగా మహాబలిపురం సుమారు 180 కిలోమీటర్లు. ఉదయం ఆరింటికి కదిలితే కాంచీపురంలో టిఫిను చేసి, పదకొండు గంటల ప్రాంతంలో చేరవచ్చు. చిత్తూరు వాళ్లకు రాణిపేట, కాంచీపురం దారి దగ్గర. ఆడికృత్తిక రోజుల్లో తిరుత్తణి దారి కావళ్లతో నిండిపోతుంది, ఆ వారం మానుకోండి. ట్యాక్సీ మాట్లాడుకుంటే తమిళనాడు పర్మిట్ డబ్బు బాడుగలో కలిసిందో లేదో ముందే తేల్చుకోండి. నగరి దాటాక సరిహద్దులో తేల్చుకునే విషయం కాదది.

రైలంటే ఇష్టపడే పిల్లలుంటే, తెల్లవారుజామున తిరుపతి నుంచి పుదుచ్చేరి వెళ్లే బండి అరక్కోణం, కాంచీపురం మీదుగా చెంగల్పట్టు చేరుస్తుంది. అక్కడి నుంచి బస్సులో మహాబలిపురం 30 కిలోమీటర్లు. టికెట్టు కొనే ముందు ఆ రోజు బండి వేళ సరిచూసుకోండి.

తిరుగు ప్రయాణం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తున్నాం. ఆదివారం పదకొండు లోపు గది ఖాళీ చేసి బయలుదేరితే చీకటి పడకముందే ఇల్లు చేరతారు. మర్నాడే కారు అడుగుభాగం, చక్రాల లోపలి వైపు మంచినీళ్లతో గట్టిగా కడిగించండి. పైన మెరిసేలా తుడిచి కింద వదిలేస్తే, ఉప్పు తడి అంటిన చోటే తుప్పు మొదలవుతుంది.

సద్ది, సామాను

చింతపండు పులిహోర రాత్రి దాకా నిలుస్తుంది. దద్దోజనం విషయంలోనే జాగ్రత్త కావాలి. పూర్తిగా పెరుగుతో కలిపితే కాంచీపురం దాటేసరికి పులిసిపోతుంది. గ్లాసు బియ్యానికి మూడు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా వండండి. గోరువెచ్చగా అయ్యాక రెండు గ్లాసుల కాచి చల్లార్చిన పాలు, రెండు చెంచాల పెరుగు కలపండి. మధ్యాహ్నం తినే వేళకు సరిగ్గా తోడుకుని ఉంటుంది. ఉప్పు, తాలింపు తినే ముందు కలుపుకుంటే మరీ మంచిది.

నీళ్లు మనిషికి రోజుకు రెండు లీటర్లకు తగ్గకూడదు. కాళ్లు, గాయాలు కడగడానికి వేరుగా ఐదు లీటర్ల క్యాను డిక్కీలో ఉంచండి. హవాయి చెప్పులు రాళ్ల మీద పనికిరావు, తడవగానే కాలు ముందుకు జారి చెప్పు మెలితిరుగుతుంది. మడమ వెనక పట్టీ ఉండి, అడుగున గాడులు ఉన్న రబ్బరు శాండల్, లేదంటే పాత క్యాన్వాస్ బూట్లు వేయండి. ఆడపిల్లలకు లంగాలు వద్దు, లైట్‌హౌస్ నిచ్చెన దగ్గర కాళ్లకు అడ్డం పడతాయి. చున్నీ ఉంటే నడుముకు గట్టిగా ముడేయండి.

మందుల సంచిలో బెటాడిన్, దూది, గాజుగుడ్డ, అంటించే పట్టీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు, చిన్న పట్టకారు పెట్టుకోండి.

శనివారం సాయంత్రం: లైట్‌హౌస్

గదిలో భోంచేసి పిల్లలను ఒక గంట పడుకోబెట్టి, మూడున్నరకు లేపండి. ఎండ వాలడం మొదలై, సముద్రపు గాలి వీస్తుంటుంది. మధ్యాహ్నం భోజనం వేళ లైట్‌హౌస్ మూసి మళ్లీ తెరుస్తారు, చీకటి పడకముందే లోపలికి పంపడం ఆపేస్తారు. అందుకని నాలుగింటికల్లా టికెట్ల దగ్గర ఉండాలి. ఎవరినైనా దారి అడగాలంటే తమిళంలో ‘కలంగరై విళక్కం’ అనండి, ‘లైట్‌హౌస్’ అన్నా చూపిస్తారు.

గుట్ట మీద కోతులుంటాయి. తిరుమల మెట్లదారి తెలిసిన పిల్లలకు కొత్తగా చెప్పక్కర్లేదు. తినేవి, గలగలలాడే కవర్లు చేతిలో కనిపించకూడదు.

టవర్ గుండ్రంగా, రాతితో కట్టింది, ఎత్తు సుమారు 26 మీటర్లు. దాని పక్కనే గుట్ట మీద పల్లవుల కాలపు ఓలక్కణ్ణేశ్వర ఆలయం ఉంది. ఈ టవర్ రాకముందు ఓడలకు దీపం పెట్టింది ఆ గుడి కప్పు మీదే. 1887లో ఇక్కడ మొదటి దీపం ఏర్పాటైంది, ఇప్పటి టవర్ 1904 నుంచి పూర్తిగా పనిచేస్తోంది. చాలాకాలం మూసి ఉంచి, 2011లో మళ్లీ జనాన్ని ఎక్కనిచ్చారు. ఎక్కేముందు పిల్లలను ఒక్క నిమిషం ఆ గుడి ముందు నిలబెట్టి, రెండింటినీ కలిపి చూపించండి.

ఎక్కడం ఎనిమిదంతస్తుల మేడ ఎక్కినంత. మెట్లు గోడ వెంబడి చుట్టూ తిరుగుతూ పోతాయి. పైకి పోయేకొద్దీ ఇరుకు, చివర నిటారు నిచ్చెన, తలవంచి దూరాల్సిన చిన్న ద్వారం. మోకాళ్ల నొప్పులు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు కిందే ఉండాలి. మూడేళ్ల లోపు పిల్లలను చంకనెత్తుకుని ఎక్కొద్దు, నిచ్చెన దగ్గర రెండు చేతులూ కావాలి. అంత చిన్నవాళ్లు ఉంటే పెద్దవాళ్లు ఇద్దరూ వంతులు వేసుకుని ఎక్కండి.

మిగతా పిల్లలతో ఎక్కేటప్పుడు ముందు ఒక పెద్దవాళ్లు, మధ్యలో పిల్లలు, వెనక ఇంకో పెద్దవాళ్లు ఉండాలి. పైనుంచి దిగేవాళ్లు పూర్తిగా వచ్చాకే నిచ్చెన మీద కాలు పెట్టాలి. ఇక్కడ ఎదురుబొదురు తప్పుకోవడానికి చోటుండదు, తోపులాటలన్నీ ఇక్కడే జరుగుతాయి. దిగేటప్పుడు పెద్దవాళ్లు ముందు దిగాలి. పిల్లలు నిచ్చెన వైపు ముఖం పెట్టి, వెనక్కి వెనక్కి దిగాలి. ముందుకు చూస్తూ దిగబోయే పిల్లవాడి మడమ మెట్టు అంచు మీద నిలవదు.

పైన గాలి ఊహించినదానికంటే జోరుగా ఉంటుంది. టోపీలు కిందే వదలండి, ఫోన్‌కు మెడతాడు వేయండి, కటకటాల సందుల్లోంచి చేతులు బయటికి చాపనివ్వకండి. పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాల్లో ఇవి చూడండి.

తూర్పున, సముద్రానికి ఆనుకుని తీరాలయం కనిపిస్తుంది. ఎనిమిదో శతాబ్దం మొదట్లో రాజసింహుడిగా పేరున్న రెండో నరసింహవర్మ కట్టించిన గుడి అది. దక్షిణాన పంచరథాలు, ఇంకా దూరంగా కల్పాక్కం వైపు తీరం. పడమట బకింగ్‌హామ్ కాలువ. ఇప్పుడు మళ్లీ తూర్పుకు తిరిగి, అసలు పని మొదలుపెట్టండి. ఒడ్డు కొంత చెట్ల, మేడల చాటున పడినా, అలలు విరిగే వరస తెలుస్తుంది. తెల్లటి నురగ గీత ఎక్కడ తెగిపోయిందో చూడండి. రెండు నురగ వరసల మధ్య నీళ్లు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపించే చోటు ఉందంటే, ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే కాలువ అదే. కింద నుంచి చూసేవాళ్లకు అలలు లేని మంచి చోటులా అనిపించి, అక్కడే దిగుతారు. ఒక్క చోట మాత్రం చుట్టూ తెల్లగా చిందుతుంటే, అక్కడ నీటి కింద రాయి ఉందని అర్థం. తీరాలయాన్ని గురుతుగా పెట్టుకుని, అవి గుడికి ఎటువైపు ఎంత దూరంలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. రేపు పొద్దున ఆ ఫోటో చేతిలో ఉండాలి.

పిల్లలకు ఒక లెక్క చెప్పవచ్చు. ఒడ్డున నిలబడ్డ పెద్దవాళ్లకు సముద్రం, ఆకాశం కలిసే గీత సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సముద్రమట్టానికి 25 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే అది 18 కిలోమీటర్లకు జరుగుతుంది. గుట్ట ఎత్తు కూడా కలిస్తే ఇంకా దూరం. దీపాన్ని అంత ఎత్తున పెట్టడం దూరపు ఓడలకు కనిపించడం కోసమే.

రాత్రి భోజనానికి ముందు ఒడ్డున పొడి ఇసుక మీద కూర్చుని దీపాన్ని చూడండి. ఏ రెండు పొరుగు లైట్‌హౌస్‌లూ ఒకే లయలో మెరవవు. ఆ లయను బట్టే నావికుడు తాను ఏ ఊరి ఎదుట ఉన్నాడో గుర్తుపడతాడు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచి, ఒక మెరుపుతో మొదలుపెట్టి పది చుట్లు పూర్తయ్యే దాకా లెక్కపెట్టి, వచ్చిన సమయాన్ని పదితో భాగించమనండి. ఒక్క చుట్టే కొలిస్తే వేలు నొక్కడంలో పొరపాటు పెద్దదవుతుంది. పదితో భాగిస్తే అది పదో వంతుకు తగ్గుతుంది. జనవరి నుంచి మార్చి మధ్య ఈ తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ కాలంలో ఇసుక మీదికి ఫోన్ టార్చి వేయొద్దు. గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్ల తాబేళ్లు నీటి మెరుపును చూసి సముద్రం వైపు వెళతాయి. మన వెలుతురు చూస్తే ఇటు తిరుగుతాయి.

ఆదివారం తెల్లవారుజామున: రాళ్లు

జనవరిలో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో, మే చివర అయితే పావు తక్కువ ఆరుకు. దానికి పావుగంట ముందే ఒడ్డు చేరాలి. తీరాలయం ఉత్తరం వైపు ఒడ్డున జాలర్ల పడవలు ఉంటాయి. తాళ్లు దాటొద్దు, వలల మీద నడవొద్దు, పడవ లాగుతుంటే పక్కకు జరగండి. సముద్రం ఇవాళ ఎలా ఉందో వాళ్లను అడగండి. ‘ఇన్నిక్కి కడల్ ఎప్పడి ఇరుక్కు?’ అంటే చాలు. వాళ్లు తల అడ్డంగా ఊపితే ఆ ఉదయం ఇసుక మీదే ఆడుకోండి.

అక్కడ కనిపించే రాళ్లన్నీ ఒకటి కావు. తీరాలయం చుట్టూ అలల తాకిడి ఆపడానికి తెచ్చి పోసిన బండలు ఒక రకం. అవి కోణాలు కోణాలుగా, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. మధ్యలో కాలు దూరేంత సందులు, కొన్ని బండలు కదులుతాయి కూడా. వాటి మీదికి పిల్లలను అసలు పంపకండి. సందులో ఇరుక్కున్న పాదాన్ని లాగుతుండగానే ఇంకో అల వస్తుంది. రెండో రకం చెక్కిన రాళ్లు. తీరాలయానికి ఉత్తరాన ఒడ్డున మహిషాసుర బండ అనే చెక్కిన గుండు ఉంది. వాటిని దూరం నుంచి చూడాలి, ఎక్కకూడదు. మూడో రకం నేలలోంచి పుట్టిన గుండ్రటి రాళ్లు, అలలకు నునుపెక్కినవి. మనం చూడబోయేది వీటిలో ఒడ్డుకు దగ్గరగా, ఇసుకలో సగం పూడుకుని ఉన్న వాటినే.

ముందు పదిహేను నిమిషాలు ఏమీ చేయకుండా నిలబడి చూడండి. అలలు ఒకే సైజులో రావు. చిన్నవి పది, పదిహేను వచ్చాక రెండు మూడు పెద్దవి వరసగా వస్తాయి. వాటిలో పెద్దది రాయి మీద ఎంత ఎత్తుకు ఎగిసిందో గమనించండి. దానికి రెండు మీటర్ల వెనక ఇసుకలో కర్రతో గీత గీయండి. పిల్లల హద్దు అదే. అరగంటకోసారి గీత చూసుకోండి, తడిసిందంటే పోటు మొదలైందని అర్థం, వెనక్కి జరగండి. ఇద్దరు పిల్లలకు ఒక పెద్దవాళ్లు ఉండాలి, ఆ పెద్దవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు. ఎవరైనా సరే సముద్రానికి వీపు పెట్టి ఫోటోకు నిలబడొద్దు.

రాయి మీద కాలు పెట్టే ముందు దాని రంగు చూడాలి. పొడిగా, బూడిదరంగులో గరుకుగా ఉంటే కాలు నిలుస్తుంది. పచ్చగా వెంట్రుకల్లాంటి నాచు కనిపిస్తే జారుతుందని అందరికీ తెలుసు. పడేసేది నల్లటి పాచి. తడిరాయి రంగులోనే కలిసిపోయి, పలచటి నూనె పొరలా ఉంటుంది. వేలితో రాసి చూడండి, జిగురుగా తగిలితే ఆ రాయి వదిలేయండి. తెల్లటి చిన్న చిన్న గుల్లలు గట్టిగా అతుక్కున్న చోట కాలు జారదు గానీ, పడితే చర్మం తురుము పీట మీద గీసినట్టు లేచిపోతుంది. రాయి నుంచి రాయికి దూకడం నిషేధం అని ముందే చెప్పేయండి. మోకాళ్లు వంచి, ఒక చెయ్యి రాయికి ఆనించి, ఒక్కో అడుగు వేయాలి.

రాళ్ల పక్కన నీళ్లు నిలిచిన గుంట దొరికితే, దాని పక్కన మన నీడ పడకుండా కూర్చోవాలి. రెండు నిమిషాలు కదలకుండా ఉంటే, ముందు నీళ్లలో నత్త గుల్ల ఒకటి నడుస్తుంది. నత్త అంత వేగంగా నడవదు కదా అని చూస్తే, గుల్ల కిందినుంచి ఎర్రటి కాళ్లు బయటపడతాయి. ఖాళీ గుల్లలో కాపురం పెట్టిన పీత అది. పెరిగేకొద్దీ పెద్ద గుల్లకు మారుతుంది. ఆ తర్వాత రాతి సందులోంచి ఒక పీత అడ్డంగా వచ్చి, కొక్కేల్లాంటి చేతులతో పాచి గీరుకుని తింటుంది. సందుల్లో వేళ్లు పెట్టనివ్వకండి. రాయి ఎత్తి చూస్తే, ఎత్తిన వైపే తిరిగి పెట్టాలి. కింది వైపు బతికే జీవాలు ఎండకు నిలవవు.

ఇక స్నానం. ఇక్కడ వద్దు. ఈ ఒడ్డున ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటున్నారు, వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు. నేల అంచెలంచెలుగా కాకుండా ఒక్కసారిగా పల్లమవుతుంది. చీలమండ లోతులో నిలబడ్డవాళ్ల పాదాల కింది ఇసుకను వెనక్కి పోయే నీరు లాగేస్తుంది, తర్వాతి అడుగు నడుము లోతు. పిల్లలకు చీలమండల దాకా, అదీ చెయ్యి పట్టుకుని మాత్రమే. నిన్నటి ఫోటోలో ప్రశాంతంగా కనిపించిన చోటుకు ఎదురుగా అసలు దిగకండి. ఎవరైనా ఆ ప్రవాహంలో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురగ ఉన్న చోటికి చేరితే అలలే బయటికి నెడతాయి. కాపాడాలని వెంటనే దూకొద్దు. తేలే వస్తువేదైనా, ఖాళీ నీళ్ల క్యాను మూత బిగించి అయినా విసరండి, జాలర్లను కేకేయండి.

ఏదైనా జరిగితే

గుల్లల గీత చిన్నదే అనిపించినా వదిలేయకండి, లోపల గుల్లముక్కలు ఉండిపోయి చీముపడుతుంది. మంచినీళ్లతో ఐదు నిమిషాలు ధారగా కడిగి, పట్టకారుతో ముక్కలు తీసి, బెటాడిన్ రాసి కట్టండి. టీటీ ఎప్పుడు వేయించారో గుర్తులేకపోతే తిరుపతి వచ్చేదాకా ఆగక అక్కడే ఆస్పత్రిలో అడగండి. జెల్లీచేప తగిలి మంట పుడితే రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు, రెండూ విషాన్ని ఇంకా విడుదల చేస్తాయి. సముద్రపు నీళ్లతో కడిగి, అంటుకున్న తీగలను పట్టకారుతో తీయండి. ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా వెంటనే 108. తమిళనాడులోనూ అదే నంబరు.

ఒడ్డు వదిలే ముందు

ఎనిమిదిన్నరకు ఎండ తగులుతుంది, అప్పటికి చాలించండి. తీరాలయం, పంచరథాలు చూడాలనుకుంటే ఇప్పుడే వెళ్లాలి. రెండింటికీ ఒకే టికెట్టు, అదే రోజు చెల్లుతుంది, 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. అంగళ్లలో పగడపు ముక్కలు, పెద్ద శంఖాలు అమ్ముతుంటే కొనకండి. పగడాలూ, కొన్ని రకాల శంఖాలూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి.

కారెక్కే ముందు పిల్లల జేబులు చూడండి, గుల్లలు ఉంటాయి. వాటన్నిటినీ ఒక గిన్నెలో సముద్రపు నీళ్లు పోసి వేయండి. పది నిమిషాలు ఎవరూ కదపకుండా చూడండి. ఏ గుల్ల కిందినుంచైనా కాళ్లు బయటికొస్తే, దాన్ని ఏరిన గుంట దగ్గరికే ఆ పిల్లవాడి చేత తీసుకెళ్లి దింపించండి.